బద్ధగుదము – లోహనాళిక

(నరసరావుపేటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, పెండ్లివ్యయములను తగ్గించుటను గూర్చియు, దిక్కులేని వృద్ధుల పోషణమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నాకు కార్యదర్శిగారు మొదట నిర్ణయించిన విషయము సంస్కృత వాఙ్మయమున ధర్మము. నేను వారిని వేడి దానిని మార్పించుకొంటిని. జీవితమంతయు విభక్తులను, సమాసములను బోధించిన యుపాధ్యాయుడు ప్రేగులను గూర్చియు మలబంధమును గూర్చియు నిండుసభలో మాటలాడుట యేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను మంచిదే. సిగ్గుచే నోరు మూసికొనుటవలన మా యింట నొక వ్యాధి ముదిరినది. పిమ్మట నా పాండిత్యముచే దాని చికిత్స యాలసించినది. ఆ రెండు దోషములును మీ యిండ్ల జరుగకుండుటకై యీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

పల్నాటివారికి కాలువ స్వభావమును గూర్చి చెప్పనక్కఱలేదు. 1967వ సంవత్సరము ఆగష్టు నెలలో నాగార్జునసాగరపు నీరు కాలువలకు విడువబడినది మొదలు మన మెట్టపొలములు పెక్కు కుడికాలువ నీటిచే తడియుచున్నవి. నడుమ నొక తూము పూడినయెడల నేమగును? దిగువ చేలు ఎండును. అంతటితో పోదు. ఎగువను నీరు నిలిచి, పొంగి, గట్టు పలుచనైనచోట గండి పడును. పూడినచోటు వేఱు, గండి పడినచోటు వేఱు. మన కడుపులోని పెద్దప్రేగునకును ఇదియే ధర్మము.

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవు గలది. పొత్తికడుపునకు కుడివైపున మొదలై, పైకెక్కి, అడ్డముగా సాగి, ఎడమవైపున దిగి, అచ్చట కొంత వంకరలు తిరిగి, మలాశయముతోను గుదముతోను ముగియును. కుడివైపున మలము పలుచగా నుండును. ఎడమవైపునకు వచ్చునప్పటికి నీరింకి గట్టిపడును. అచ్చట ప్రేగును ఇఱుకు. కావున నా భాగమున రాచపుండు, అనగా నేడందఱును కేన్సరని పిలుచు వ్యాధి, పుట్టి లోపలికి పెరిగినప్పుడు దారి క్రమముగా సన్నగిల్లి తుదకొకనాడు మూతపడును. అప్పుడు మలము వెడలదు, వాయువును వెడలదు. కడుపు ఉబ్బును. నొప్పి అలలు అలలుగా వచ్చును. పిమ్మట వాంతులు కలుగును. ఉపేక్షించినచో ప్రేగు పగిలి మలము కడుపంతయు వ్యాపించి ప్రాణము తీయును. ఆ పగులుట పుండున్నచోటనే జరుగవలెనని లేదు. కుడివైపుననున్న ప్రేగు మొదటిభాగము మిక్కిలి వెడల్పు గలది గాన, గండి తఱుచుగా నచ్చట పడుచుండును.

ఈ వ్యాధి ప్రపంచమున నెంత వ్యాపించినదో యొక లెక్క చెప్పెదను. 2022వ సంవత్సరమున సుమారు 19 లక్షల మందికి పెద్దప్రేగునందో మలాశయమునందో రాచపుండు క్రొత్తగా కనబడెను. సుమారు 9 లక్షల మంది దానిచే మరణించిరి. పాశ్చాత్యదేశములతో పోల్చిన మన దేశమున నిది తక్కువయే. కాని తక్కువ యను మాట రోగము వచ్చినవాని యింట పనికిరాదు. ఈ రోగులలో నూటికి 8 మొదలు 13 మంది వఱకు ప్రేగు మూసికొనిన స్థితిలోనే వైద్యునొద్దకు వత్తురని ఐరోపా వైద్యులు వ్రాసియున్నారు. అంతకుముందు వ్యాధి మాటలాడకపోదు. మలముతో నెత్తురు పడుట, మలవిసర్జనపు అలవాటు మాఱుట, కొన్నినాళ్లు బంధము కొన్నినాళ్లు విరేచనము కలుగుట, మలము సన్నముగా వచ్చుట, కారణము లేక బరువు తగ్గుట, నెత్తురు తక్కువై నీరసించుట, ఇవి దాని మాటలు. మనము వినము.

మా అన్నగారు గురజాల చెంత మా స్వగ్రామమున మిరపయు ప్రత్తియు పండించుచు జీవించినవారు. నాకంటె తొమ్మిదేండ్లు పెద్ద. మా తండ్రిగారు గతించిన పిమ్మట నాగలి తాము పట్టి, పుస్తకము నా చేత పెట్టి, నన్ను సంస్కృతము చదివించినవారు వారే. 2017వ సంవత్సరాంతమున వారికి మలముతో నెత్తురు పడసాగెను. కొన్నినాళ్లెవరితోను చెప్పలేదు. చెప్పినప్పుడు మొలలని చెప్పిరి. పల్నాటి కారము తిను వానికి మొలలు గాక మఱేమి వచ్చునని మేమును తలంచితిమి. గోంగూర పచ్చడి మానిపించితిమి. ఒక నాటువైద్యుడు పసరిచ్చెను. గుదమును పరీక్షించినవాడు లేడు; పరీక్షింపుడని యడిగినవారమును లేము. వారు చిక్కుచుండిరి. కాని పంచె నానాటికి మఱికొంత బిగించి కట్టుకొనుచుండుటచే మాకు తెలియలేదు.

2018వ సంవత్సరము, అనగా విళంబినామ సంవత్సరము, అధికజ్యేష్ఠమాసమున మూడుదినములు మలమును వాయువును వెడలక వారి కడుపు తప్పెటవలె నుబ్బెను. నాలుగవ దినమున వాంతులు మొదలయ్యెను. మొదట నరసరావుపేటకును, అచ్చటినుండి గుంటూరునకును తీసికొనిపోతిమి. అచ్చటి ఆసుపత్రిలో కడుపునకు స్కానింగు తీసిరి. ఒక యువవైద్యుడు నన్ను ప్రక్కకు పిలిచి యిట్లు చెప్పెను.

“మాస్టారూ! ఎడమవైపు ప్రేగున పుండున్నది. దారి పూర్తిగా మూసికొనినది. అదృష్టవశమున ప్రేగింకను పగులలేదు. వ్యాధి కాలేయమునకు ప్రాకినట్లును కనబడుట లేదు. ఈ రాత్రియే కడుపు కోసి పుండును తీసివేయవచ్చును. కాని ఉబ్బిన ప్రేగును వెంటనే కలిపి కుట్టుట పలుమాఱు క్షేమకరము కాదు. పై కొనను పొట్టమీదికి తెచ్చి సంచి కట్టవలసి రావచ్చును. రెండవదారి యొకటి కలదు. లోపలినుండి స్టెంటు పెట్టి ప్రేగును ఖాళీచేయుదుము. ఆయన తేఱుకొనిన పిమ్మట, రెండువారములకు, శస్త్రచికిత్స చేయుదుము. రెంటను అపాయములు కలవు. ఇంటివారితో ఆలోచించి చెప్పండి.”

సంచి యను మాట వినగానే మా వదినెగారు చెవులు మూసికొనిరి. ఆ సంగతి పిమ్మట చెప్పెదను. ముందు ఈ స్టెంటన నేమో తెలిసికొందము.

స్టెంటనునది యొక మనుష్యుని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున లండను నగరమున చార్లెసు స్టెంటను దంతవైద్యుడుండెను. పండ్ల అచ్చులు తీయుట కాయన యొక ముద్దను కల్పించెను. ఆ ముద్దను శరీరభాగములను నిలువబెట్టుటకు ఇతర వైద్యులు వాడుటచే, క్రమముగా శరీరమార్గములను తెఱచియుంచు ప్రతి సాధనమునకును ఆయన పేరే నిలిచెను. గుండె రక్తనాళములలో పెట్టు స్టెంటును మీరందఱు విందురు. ప్రేగులో పెట్టునది దానికంటె చాల పెద్దది. సన్నని లోహపు తీగలతో వలవలె నల్లిన గొట్టమది. ఆ తీగ తఱుచుగా నికెలు, టైటానియము అను రెండు లోహముల మిశ్రమము. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో కనుగొనబడిన యీ లోహమునకు జ్ఞాపకశక్తి కలదని చెప్పుదురు. నలిపి సన్నని గొట్టములో దూర్చినను, శరీరపు వేడిమి తగిలినంతనే తన పూర్వరూపమును స్మరించి విప్పారును. మలాశయపు రాచపుండునకు దీనిని వాడినట్లు 1991లో దొహ్మోతో యను వైద్యుడు ప్రకటించెను. శస్త్రచికిత్సకు ముందు ప్రేగును ఖాళీచేయుటకు దీనిని వాడవచ్చునని 1994లో స్పెయిను దేశపు వైద్యులు చూపిరి.

దీనిని పెట్టు విధమెట్టిదనిన: ముందు ఎనీమాతో క్రిందిభాగమును శుభ్రపఱతురు. గుదమార్గమున దీపమును కన్నును గల గొట్టమును, అనగా కొలొనోస్కోపును, పుండు దాక పోనిత్తురు. పుండు నడుమ మిగిలియున్న సూదిబెజ్జమంత దారి గుండ సన్నని తీగను పంపుదురు. ఎక్సురేలో కనబడు మందును ఎక్కించి, పుండెంత పొడవున్నదో తెఱమీద చూతురు. ఆ తీగ వెంబడి, మూడు మిల్లీమీటరులకు కొంచెము మించిన లావుగల గొట్టములో ముడిచియున్న స్టెంటును పంపి, పుండునకు రెండువైపులను కొంత మిగులునట్లు నిలిపి, పై తొడుగును వెనుకకు లాగుదురు. స్టెంటు విచ్చుకొనును. సుమారు 24 మిల్లీమీటరులు, అనగా బొటనవ్రేలికంటె లావుగా, దారి యేర్పడును. పూర్తిగా విచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. కడుపు కోయనక్కఱలేదు. పూడిన తూములో ఇనుపగొట్టమును దూర్చి నీటిని వదలుట వంటి పని యిది.

మా అన్నగారికి ఆ సాయంకాలమే స్టెంటు పెట్టిరి. ఆ రాత్రి రెండు గంటలకు వాయువు వెడలెను. పిమ్మట మలము వెడలెను. తెల్లవాఱునప్పటికి పొట్ట సగము తగ్గెను. మలము వెడలినందుకు ఇంటిల్లిపాదియు కన్నీరు పెట్టుకొని దేవునికి మ్రొక్కుట మీరెన్నడైన వింటిరా? మేము మ్రొక్కితిమి.

నేనా రాత్రి మేలుకొని సుశ్రుతసంహితను స్మరించుచుంటిని. అందు ఉదరరోగములెనిమిదింటిలో బద్ధగుదమొకటి. రాళ్లచేతను, వెండ్రుకలచేతను, మలముచేతను ప్రేగు అడ్డుపడినప్పుడు, నాభికి దిగువను ఎడమవైపున కడుపు కోసి, నాలుగంగుళముల మేర ప్రేగును వెలికి దీసి, అడ్డమును తొలగించి, తేనెయు నేయియు పూసి, మఱల యథాస్థానమున నుంచి కుట్టవలెనని చికిత్సాస్థానమున చెప్పబడినది. సన్నిరుద్ధగుదమని మఱియొక వ్యాధి కలదు. దానికి, నిరుద్ధప్రకశమునకు చెప్పిన చికిత్సనే చేయుమనెను. ఆ చికిత్స యేమనగా, రెండువైపుల నోరుగల గొట్టమును, ఇనుపదానినో, కొయ్యదానినో, లక్కదానినో, నేయి పూసి ప్రవేశపెట్టి, మూడేసి దినములకొకమాఱు అంతకంటె లావైనదానిని మార్చుచుండుట. ఉదయమున ఆ యువవైద్యునికి దీనిని చెప్పితిని. ఆయన సంతోషించెను. మన పూర్వులకు స్టెంటు తెలియునని నేను చెప్పలేదు, చెప్పుట తగదు. ఆ గొట్టము ద్వారమును సాగదీయునది. ఇది ప్రేగులోపల పుండును తొలగనెట్టి నిలుచునది. అయినను ఊహయొక్క బీజము మనదగ్గఱనుండెనని నాకు గర్వము కలిగెను. ఆ గర్వమే నన్ను చెఱచినది. అదియెట్లో చెప్పుటకు ముందు, వైద్యులు మాకు చెప్పిన రెండు ముఖ్యవిషయములను మీకు చెప్పవలెను.

మొదటిది. స్టెంటును రెండు ప్రయోజనములకు పెట్టుదురు. వ్యాధి నయమగునట్టి స్థితిలోనున్న రోగికి అది వంతెన మాత్రమే. వంతెన దాటిన పిమ్మట శస్త్రచికిత్సయను ఆవలిగట్టు చేరవలెను. ఆ నడుమ సుమారు రెండువారములు చాలునని 2020లో ఐరోపా వైద్యసంఘము నిర్ణయించినది. అంతలో రోగికి నీరును లవణములును సమకూర్చి, ఆహారమిచ్చి, గుండెను ఊపిరితిత్తులను పరీక్షించి, ప్రేగు వాపు తగ్గిన పిమ్మట నెమ్మదిగా శస్త్రము చేయుదురు. అట్లు చేసినచో సంచి అక్కఱలేకుండ ప్రేగును కలిపి కుట్టుటకు అవకాశమెక్కువ. ఇక వ్యాధి ఇతరావయవములకు వ్యాపించి నయము కాని రోగికి స్టెంటు వంతెన కాదు, నివాసము. మిగిలిన దినములు పెద్ద శస్త్రము లేక, ఇంటియందు, నోటితో తినుచు, గుదముతో విసర్జించుచు బ్రతుకుటకు అది సాయపడును. వంతెననే నివాసముగా భ్రమించుట ప్రమాదము.

రెండవది. స్టెంటు అందఱికి పనికిరాదు. ప్రేగప్పటికే పగిలియున్నచో పెట్టరాదు; వెంటనే కడుపు కోయవలసినదే. గుదమునకు మిక్కిలి సమీపముననున్న పుండునకు పెట్టినచో బాధ సహింపరాదు. పుండున్నను అవరోధలక్షణములు లేనివానికి ముందుజాగ్రత్తయని పెట్టరాదు. పుండునకు రక్తనాళములు పెరుగకుండ ఆపు బెవాసిజుమాబు మొదలగు మందులు వాడువారికి ప్రేగు పగులు భయమెక్కువ. పెట్టిన పిమ్మటను అది ప్రేగును చీల్చవచ్చును, జాఱిపోవచ్చును, వలకన్నులలోనుండి పుండు లోపలికి పెరిగి మఱల మూయవచ్చును. ఇది చేయితిరిగిన వైద్యునిచే జరుగవలసిన పని.

వైద్యులలోనే దీనినిగూర్చి వాదము నడచినది. హాలెండు దేశమున కొందఱు రోగులకు స్టెంటును, కొందఱికి వెనువెంటనే శస్త్రమును నియమించి పోల్చిచూచిన పరిశోధన, స్టెంటు పెట్టినవారికే హాని యెక్కువ కనబడుటచే నడుమనే నిలిచిపోయెను. 2011లో దానిని ప్రకటించిరి. పిమ్మట బ్రిటనునందు 39 ఆసుపత్రులలో 245 మంది రోగులతో అట్టి పరీక్షయే జరిగి 2022లో వెలువడెను. అందు స్టెంటుచే నూటికి సుమారు 82 మందికి అవరోధము తొలగెను. వెంటనే శస్త్రము పొందినవారిలో సుమారు మూడింట రెండువంతుల వారికి సంచి కట్టవలసివచ్చెను. స్టెంటు పెట్టినవారిలో సగమునకు తక్కువమందికే వచ్చెను. మరణములలో గాని, మూడేండ్లకు బ్రతికియున్నవారి సంఖ్యలో గాని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున ఇది సంజీవని కాదు, విషమును కాదు. రోగి స్థితిని, వైద్యుని నేర్పును, రోగి యిష్టమును మూడింటిని చూచి నిర్ణయించుకొనవలసిన యుపాయము.

ఇక మా యింటి కథకు వత్తును. అన్నగారు మూడవనాడు లేచి కూర్చుండిరి. అయిదవనాడు మజ్జిగయన్నము తినిరి. వైద్యుడు పీచు తక్కువగల మెత్తని ఆహారము పెట్టుడని చెప్పి, శస్త్రచికిత్సకు రెండువారములలోపల రావలసిన దినమును చీటిమీద వ్రాసి యిచ్చెను. మేమింటికి వచ్చితిమి. ఊరివారందఱును చూడవచ్చి రోగము పోయినదనిరి. అన్నగారును అట్లే తలంచిరి. ఆ చీటి నాచేతికి వచ్చెను. నేను పంచాంగము తీసితిని.

ఆ దినము అధికమాసమున పడుచుండెను. అధికమాసమున శుభకార్యము తగదంటిని. నిజజ్యేష్ఠము వచ్చెను. అన్నగారు ఇంటికి జ్యేష్ఠపుత్రుడు, జ్యేష్ఠమాసమున వద్దంటిని. ఆషాఢము వచ్చెను. శూన్యమాసమంటిని. శ్రావణమున వారి మనుమరాలి పెండ్లి నిశ్చయమైయుండెను. పెండ్లి కాగానే పోవుదమని ఇంటివారందఱును అనిరి. నేనును తల యూపితిని. ఆసుపత్రినుండి రెండుమాఱులు ఫోను వచ్చెను. మంచిదినము చూచుచున్నామని నేనే బదులు చెప్పితిని. ఆ యువవైద్యుడు నన్ను దూషింపలేదు. “మాస్టారూ! స్టెంటు దారి నిచ్చినది గాని, పుండు అక్కడనే యున్నది సుమా” యని మాత్రమనెను. నేనా మాటను విని, వినకపోతిని.

పెండ్లి వైభవముగా జరిగెను. అన్నగారు పీటలమీద కూర్చుండిరి. వినాయకచవితి వెళ్లిన వారమునకు మఱల పొట్ట ఉబ్బెను. పుండు వలకన్నులగుండ లోపలికి పెరిగినది. స్కానింగులో కాలేయమున మచ్చలు కనబడెను. ఇక వంతెన లేదు. వైద్యులు మొదటి నాళికలోపల మఱియొక నాళికను పెట్టిరి. మందులెక్కించిరి. ఆ రెండవ నాళిక చేసిన యుపకారమును నేను మఱువను. వారు కడపటివఱకు నోటితో తినిరి. తమ మంచముమీదనే పడుకొనిరి. 2019వ సంవత్సరము వేసవిలో కన్నుమూసిరి. అంతకు కొన్నిదినములకు ముందు నన్ను దగ్గఱకు పిలిచి, “తమ్ముడా, నా దినము మంచిదే చూచితివిలే, పిల్ల పెండ్లి చూచితిని” అనిరి. నన్నోదార్చుటకే యనిరి. ఆ మాటతో నాకు నిద్ర పోయినది.

రెండువారములలో శస్త్రము జరిగియున్నచో వారు నేడు మన నడుమ నుందురని నేను చెప్పజాలను. వైద్యులును చెప్పలేదు. కాని బ్రతుకుటకున్న తరుణమును మేము వాడుకొనలేదు. అది మాత్రము నిశ్చయము.

వారు గతించిన పిమ్మట నేను సుశ్రుతసంహితను మఱల తెఱచితిని. సూత్రస్థానము అయిదవ అధ్యాయమున శస్త్రకర్మకు ప్రశస్తమైన తిథిని, కరణమును, ముహూర్తమును, నక్షత్రమును చూడవలెనని కలదు. నాకది కంఠస్థము. దానిని పట్టుకొనియే నేను మాసములు లెక్కించితిని. ఆ యధ్యాయమే ముగియుచు, ప్రాణాపాయకరమై త్వరపెట్టు రోగములయందు వైద్యుడు విధులను పట్టుకొని కూర్చుండక, ఇల్లు తగులబడునప్పుడెట్లు పరుగెత్తుదుమో అట్లు వెంటనే ప్రతిక్రియ చేయవలెనని చెప్పుచున్నది. ఆ శ్లోకమును నేనెన్నియో మాఱులు చదివితిని. విద్యార్థులకు అన్వయము చెప్పితిని. తగులబడుచున్నది నా యన్న యిల్లని గుర్తింపలేదు. శాస్త్రము నాకు సగమే జ్ఞాపకమున్నది. తీగకున్న స్మృతి నాకు లేకపోయెను.

ఇప్పుడు సంచి సంగతి. అత్యవసర శస్త్రములో పుండును తీసివేసి, పై కొనను పొట్టమీదికి తెచ్చుట 1921లో ఫ్రాన్సు దేశపు హార్ట్‌మన్ అను శస్త్రవైద్యుడు ప్రకటించిన పద్ధతి. దానిచే నెందఱి ప్రాణములో నిలిచినవి. కొందఱికి కొన్నినెలలకు దానిని మఱల కలుపుదురు. వృద్ధులలో పెక్కుమందికి అట్లే యుండిపోవును. స్టెంటు పెట్టినను కొందఱికి సంచి తప్పదు. ఈ మాట చెప్పగానే మన యిండ్లలో ఏమందురు? మడియెట్లు? పూజయెట్లు? పంక్తిలో కూర్చుండుటయెట్లు? మా వదినెగారు, “సంచి కట్టుకొని బ్రతుకుటకంటె” అని, మిగిలిన మాటను మ్రింగిరి. ఆ సమయమున స్టెంటును మేము కోరుకొన్నది వైద్యవిచారముచే గాదు, సంచి మీది జుగుప్సచే. అది తప్పు కారణము. నేటి సంచులు దుర్గంధము రాకుండ శరీరమునకంటుకొనియుండును. కట్టుకొన్నవాడు పొలము దున్నవచ్చును, పాఠము చెప్పవచ్చును, ప్రయాణము చేయవచ్చును. మన దేహములన్నియు మలమును మోయుచునే యున్నవి. అతడు మోయుచోటు మాత్రమే వేఱు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టినాడని చెప్పుకొను గడ్డ మనది. అట్టి గడ్డమీద మన రక్తబంధువును, పొట్టమీద సంచి యున్నదని పంక్తినుండి లేపుదుమా?

పెద్దలు సెలవిచ్చిన తీర్మానములతో బాటు నేనును మూడు సూచనలు సభవారి యెదుట నుంచుచున్నాను.

ఒకటి. మలముతో నెత్తురు పడినవానిని మొలలని ఇంట కూర్చుండబెట్టరాదు. మొలలున్నను రాచపుండుండరాదని నియమము లేదు. వ్రేలితో గుదపరీక్షయు, వైద్యుడు చెప్పినచో కొలొనోస్కోపీయు చేయింపవలెను. కంటికి కనబడని నెత్తురును పట్టు మలపరీక్ష యొకటి కలదు. అది చాల సులభమైనది. మన సంఘము ఏటేట జరుపు వైద్యశిబిరమున, మధుమేహమును రక్తపుపోటును చూచునట్లే, నడివయస్సు దాటినవారికి దీనినిగూడ చేయించుటకు ఏర్పాటు చేయవలెనని ప్రార్థించుచున్నాను.

రెండు. వాయువుగూడ వెడలక పొట్ట ఉబ్బినవానికి విరేచనపు మందును, ఆముదమును పోయరాదు. పూడిన తూముమీదికి మఱింత నీరు వదలుట యది. ఆహారము నిలిపి వెంటనే 108 వాహనమును పిలువవలెను. మాచర్లనుండి గుంటూరు నూఱు కిలోమీటరులకు మించిన దూరము. ఒక రాత్రి ఆలసించినను ప్రేగు వేచియుండదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రియందు నాట్కో వారి ధర్మముచే కేన్సరు విభాగము నెలకొన్నది. మంగళగిరియందు ఎయిమ్స్ కలదు. హైదరాబాదునందు ఎం.ఎన్.జె. సంస్థయు, 2000వ సంవత్సరమున ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రియు కలవు. ఎండోస్కోపీ విద్యలో లోకప్రసిద్ధులైన మన తెలుగువారు, డాక్టరు నాగేశ్వరరెడ్డిగారు, అచ్చటనే సంస్థను నడుపుచున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై నేడు మన రాష్ట్రమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ యని పిలువబడు పథకముండనే యున్నది. శస్త్రమునకును స్టెంటునకును అందెంతవఱకు సాయము దొరకునో ఆసుపత్రియందు ముందుగనే యడుగవలెను. మిగిలినదానికి, మన సంఘమున పెండ్లిపందిళ్ల చందానుండి కొంత తీసి యొక నిధిని ఏర్పఱచినచో, అర్ధరాత్రి బయలుదేరు పేదవానికి అది యూతయగును.

మూడు. స్టెంటు పెట్టించుకొన్న ప్రతివాడును వైద్యుని మూడు ప్రశ్నలడుగవలెను. ఇది నాకు వంతెనయా, నివాసమా? వంతెనయైనచో ఎన్నవ దినమున దాటవలెను? ఏ లక్షణము కనబడినచో పరుగెత్తుకొని రావలెను? ఆ దినమును చీటిమీద వ్రాయించుకొని, పంచాంగములో గాదు, గోడమీద కట్టుకొనవలెను. అర్చకులును, దైవజ్ఞులును, నావంటి సంస్కృతపండితులును ఈ సభలో ననేకులున్నారు. మిమ్ము చేతులెత్తి వేడుచున్నాను. ముహూర్తము నడుగవచ్చిన రోగి బంధువునకు, వైద్యుడు పెట్టినదే ముహూర్తమని చెప్పుడు. అట్లు చెప్పుట శాస్త్రవిరుద్ధము కాదు, సుశ్రుతుడే సాక్షి.

నా యన్న నాగలి పట్టి నన్ను చదివించెను. ఆ చదువుచే నేనాయనకు చేసినది మీరు వింటిరి. ఈ యుపన్యాసమును విన్న మీలో నొక్కడు, ఒక్క దినము ముందుగా, తన యన్ననో తండ్రినో బండి యెక్కించినచో, నా చదువునకు కొంత ప్రాయశ్చిత్తము జరిగినదని తలంతును.